షేరు తిన్న సేమ్యా

గౌలిపురలో కైలాసం కేబుల్ తీగ ఏ ఇంటికి వెళుతుందో తెలియాలంటే అతని తల్లి సక్కుబాయి పాలు ఏ ఇంటికి వెళతాయో చూస్తే చాలునని ఒకప్పుడు చెప్పుకునేవారు. అది అతిశయోక్తి కాదు. 1992లో బర్రెల కొట్టం పక్కనున్న గది పైకప్పు మీద మొదటి డిష్ నిలిపినప్పుడు, కొత్త వ్యాపారానికి ఇళ్లు వెతుక్కునే శ్రమ కైలాసానికి కలుగలేదు. పొద్దున పాలక్యాను పట్టుకుని ఏ గుమ్మాల ముందు నిలబడేవాడో, సాయంత్రం తీగచుట్ట భుజాన వేసుకుని ఆ గుమ్మాల ముందే నిలబడ్డాడు. గౌలిపుర సందుల్లోంచి బయలుదేరిన తీగ మేడల మీదుగా, వేపకొమ్మల మీదుగా సాగి యాకుత్‌పురా స్టేషన్ వైపు గల్లీల దాకా పోయింది. ఆ దారిలో హిందువుల ఇళ్లు ఎన్ని, ముస్లింల ఇళ్లు ఎన్ని అని అతడు ఎన్నడూ విడదీసి చూడలేదు. వాళ్లమ్మ పాలు కొలిచేటప్పుడు అటువంటి వాడుక లేదు.

కైలాసం ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. పని మీద పట్టు ఉన్నవాడికి ఉండే నిబ్బరం అతనిది. స్తంభాలెక్కే పనిలో అతనికి తోడు జహంగీర్. యాకుత్‌పురా మనిషి, కైలాసం కన్నా ఏడాది చిన్న, ఎత్తంటే భయం ఎరుగనివాడు. తీగ పొడవు పెరిగేకొద్దీ బొమ్మ బలహీనపడుతుంది కనుక మధ్యమధ్య యాంప్లిఫైయర్లు పెట్టవలసి వచ్చేది. యాంప్లిఫైయర్ తనలోకి వచ్చిన బొమ్మను ఎంత పెంచుతుందో, అందులో కలిసిన రొదను కూడా అంతే పెంచుతుంది. ఏది బొమ్మో ఏది రొదో దానికి తెలియదు. కాబట్టి పెంచే ముందే శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలని కైలాసం జహంగీర్‌కు మొదటి వారంలోనే నేర్పాడు. తమ లోకల్ చానల్ మొదలుపెట్టినప్పుడు ఆ నియమమే దానికీ వర్తింపజేశాడు.

ఆ చానల్‌కు ఒక పేరు పెట్టారు గాని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ‘కైలాసం చానల్’ అనే అన్నారు. నల్లా నీళ్లు ఏ గల్లీకి ఎప్పుడు వదులుతారో, ఎవరి పిల్లవాడు తప్పిపోయాడో, ఎవరింట్లో మనిషి పోయారో, జనాజా ఏ మసీదు నుంచి లేస్తుందో అందులో చెప్పేవారు. తెలుగు కైలాసం చదివేవాడు, ఉర్దూ జహంగీర్ చదివేవాడు. బోనాల ఊరేగింపు, మొహర్రం జులూస్, పెళ్లిళ్లు మరునాడు వేసేవారు. ఏ కబురైనా తెచ్చిన మనిషి ఎవరో, ఏ గల్లీవాడో తెలియనిదే తెర మీదికి పోయేది కాదు. వినాయకచవితి రోజుల్లో ఒక పార్టీవాడు, మీలాద్ పండుగ రోజుల్లో మరో పార్టీవాడు ఉపన్యాసాల క్యాసెట్లు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. కైలాసం ఇద్దరికీ చాయ్ తాగించి, క్యాసెట్లు తిరిగి చేతిలో పెట్టి పంపేవాడు. ‘మీ ముచ్చట ఇనాల్నంటే జనం మీటింగ్‌కే వస్తరు గదా’ అనడం అతని అలవాటు. ఆ మాటను కాదనడానికి వాళ్లకు వీలు చిక్కేది కాదు.

2004లో ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తలు వచ్చాయి. మొదట్లో అందరిలాగే కైలాసం కూడా సంబరపడ్డాడు. బొమ్మ స్పష్టంగా ఉంది, యాంకర్లు చురుకైనవాళ్లు. కాని కొన్ని నెలల్లో ఒక మార్పు అతని కంటబడింది. మునుపు ఏదైనా జరిగితే జనం కొట్టం దగ్గరికి వచ్చి, ‘ఏమైందట కైలాసం?’ అని అడిగేవారు. ఇప్పుడు తామే వచ్చి, ఏమైందో అతనికి చెబుతున్నారు. వార్తల్లో గౌలిపుర లేదు, యాకుత్‌పురా లేదు, ఫలక్‌నుమా లేదు. ఉన్నదంతా ‘పాతబస్తీ’ ఒక్కటే. ఎక్కడో ఒక చౌరస్తాలో ఇద్దరు ఆటోవాళ్లు కొట్టుకుంటే ‘పాతబస్తీలో ఉద్రిక్తత’ అని కింద ఎర్రపట్టీ పరుగెత్తేది. ఆ పట్టీ చూసి ఫలక్‌నుమాలో ఆడపడుచు ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే, ఆమె అప్పుడే వాకిట్లో తీరికగా బియ్యం ఏరుకుంటూ ఉండేది. ఏమీ లేదని ఆమె చెప్పినా ఇవతలివాళ్లకు పూర్తి నమ్మకం కలిగేది కాదు. టీవీవాడికి తెలియకుండా చెబుతాడా?

ఆ ఏడాది దీపావళి, రంజాన్ ఒకే వారంలో పడ్డాయి. దీపావళి తరువాత రెండో రోజు యాదవులకు సదర్ పండుగ. దున్నపోతులను నల్లగా మెరిసేలా నూనెతో తోమి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గవ్వల పట్టీలు కట్టి, డప్పులతో ఊరేగిస్తారు. ఆ సాయంత్రమే నెలవంక కనిపిస్తే మరునాడు రంజాన్. షీర్ ఖుర్మా అనే సేమ్యా పాయసానికి పాలు లేనిదే ఆ పండుగ తెల్లవారదు కనుక, సక్కుబాయి కొట్టానికి ఏడాదిలో అంతకు మించిన రోజు లేదు. యాకుత్‌పురా ఇళ్లకు ఆ సాయంత్రం ఆమె పాలే పోవాలి. ఆమె అత్త కాలం నుంచి అది తప్పలేదు. గొడవల సంవత్సరాల్లో కర్ఫ్యూ సడలించిన వేళ కూడా ఆమె క్యాను నెత్తిన పెట్టుకుని పోయిందని గౌలిపురలో పెద్దలు చెబుతారు.

ఆ ఇంటి దున్న పేరు షేరు. ఊరేగింపుకు ముందు, మధ్యాహ్నం దాటాక, పాలు పోసే ఇళ్ల ముందు దాన్ని ఒకసారి తిప్పుకు రావడం ఆ కుటుంబానికి ఆనవాయితీ. కైలాసం చిన్నాన్న కొడుకు అంజన్న తాడు పట్టుకున్నాడు. స్టేషన్ రోడ్డు మలుపులో లతీఫ్ అనే ఆయన తోపుడుబండి మీద సేమ్యా కట్టలు కొండలా పేర్చి అమ్ముతున్నాడు. పిల్లలెవరో దీపావళికి మిగిలిన టపాకాయ ఒకటి పేల్చారు. షేరు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. అంజన్న చేతికి నూనె ఉంది, తాడు జారింది. జనం పక్కలకు పరుగెత్తారు, బండి ఒరిగింది, లతీఫ్ కింద పడ్డాడు. షేరు మరి కొన్ని అడుగులు పోయి, వెనక్కి తిరిగి వచ్చి, రోడ్డు మీద పడిన సేమ్యా తినడం మొదలుపెట్టింది. లతీఫ్ కూర్చున్నచోటి నుంచే దాన్ని నోటికి వచ్చినట్టు తిట్టాడు, అది వినిపించుకోలేదు. అక్కడున్న రెండు మతాలవాళ్లూ నవ్వారు. అంజన్న తాడు అందుకుని, సేమ్యాకు బదులు పెద్దమ్మ సక్కుబాయితో చెప్పి పాలు పంపిస్తానని ఒప్పుకుని, దున్నను ఇంటికి తోలుకుపోయాడు. మోకాలు బెణికిన లతీఫ్‌ను ఎవరో ఆటోలో కట్టు కట్టించడానికి తీసుకువెళ్లారు. జరిగింది ఇంతే.

అక్కడ శ్రవణ్‌కుమార్ కూడా ఉన్నాడు. అతడు గౌలిపుర యువకుడే. మునుపు కైలాసం దగ్గర పెళ్లిళ్ల వీడియోలు తీసి, కొత్తగా వచ్చిన ఒక వార్తా చానల్‌కు విలేఖరిగా చేరాడు. షేరు అలంకారం తీద్దామని వచ్చినవాడి కెమెరాలో జనం పరుగెత్తడం, బండి ఒరగడం పడ్డాయి. టేపు ఆఫీసుకు చేర్చి, దున్న తాడు జారిందని ఫోన్లో చెప్పాడు.

నాలుగు గంటల వార్తల్లో ఆ బొమ్మ వచ్చింది. ‘సదర్ వేళ పాతబస్తీలో ఉద్రిక్తత? పరుగులు తీసిన జనం.’ చివరన ప్రశ్నార్థకం ఉంది కనుక అబద్ధం చెప్పారనడానికి లేదు. బొమ్మలో షేరు లేదు. సేమ్యా తినడం లేదు. జనం పరుగెత్తుతున్నారు, బండి ఒరుగుతోంది, ఒక ముసలాయన పడుతున్నాడు. అది అయిపోయిన వెంటనే మళ్లీ మొదటి నుంచి వస్తోంది.

కొట్టం ముందు సక్కుబాయి పాలు వడపోస్తూ గదిలోని టీవీ వైపు చూసింది. “ఆ నీలం అంగీ పిలగాడు ఎన్నిసార్లు ఉరుకుతడురా కైలాసం? వానికి దమ్ము రాదా?” అని అడిగింది.

కైలాసం నవ్వాడు. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒకే పరుగును వరుసగా చూసిన కంటికి అది పది చోట్ల జరిగిన పది పరుగులుగా తోచడం మొదలవుతుందని అతడు తన కళ్లలోనే గమనించాడు. ఇంతలో అంజన్న నలుగురు కుర్రాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. పాలు యాకుత్‌పురాకు పోవద్దని, షేరును రాళ్లతో కొట్టినవాళ్లకు మన పాలెందుకని అన్నాడు.

కైలాసం అతని వంక తేరిపార చూశాడు. “ఎవలు కొట్టిండ్రురా? నువ్వు ఆడనే ఉంటివి గదా.”

“ఉంటి అన్నా. కాని నేను తాడు సూస్తున్న. టీవీల మొత్తం కనవడ్తది గదా. గంతమంది ఊకెనే ఉరుకుతరా?”

“నీ చేతులకెంచి తాడు జారిందని వచ్చుడు వచ్చుడే నాతోని నువ్వే చెప్పినవ్.”

అంజన్న తన అరచేతుల వంక చూసుకున్నాడు. జారింది నిజమేనని, కాని ఎందుకు జారిందో ఇప్పుడు తెలుస్తోందని అన్నాడు. వెనుక ఉన్న కుర్రాళ్లు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అని వంతపాడారు.

కైలాసాన్ని నివ్వెరపరచింది ఆ మాటే. దూరాన ఉన్నవాడు టీవీని నమ్మడం అతడు ఎరిగినదే. చేతిలో తాడు పట్టుకుని నిలబడినవాడు సైతం గంటసేపు టీవీ చూసి, తన కళ్లను కాదనుకుని దాన్ని నమ్మాడు. తమవాడే ఇట్లా అయితే స్టేషన్ అవతల గల్లీల్లో ఏమనుకుంటున్నారో ఊహించడం కష్టం కాదు. ఈ సాయంత్రం పాలు పోకపోతే, రేపు పొద్దున అక్కడి ప్రతి వంటింట్లోనూ ఖాళీ గిన్నె చూసి గౌలిపుర కావాలనే పాలు ఆపిందని అనుకుంటారు. అటువైపు నుంచి ఎవరూ రాలేదు కనుక వాళ్లే వద్దన్నారని ఇక్కడ అనుకుంటారు. ఆ తరువాత ఏ పండుగకూ ఆ దారి మళ్లీ తెరుచుకోదు. 

అతడు ఆలోచనకు ఎక్కువ వ్యవధి తీసుకోలేదు. రొద తగ్గించాలంటే రొద వచ్చే తీగ తీయాలి. కంట్రోల్ రూమ్‌గా వాడుకునే ఆ గదిలోకి పోయి, వార్తా చానల్ పెట్టె నుంచి తీగ పెరికాడు. గౌలిపుర నుంచి యాకుత్‌పురా దాకా ప్రతి ఇంట్లో ఆ చానల్ ఉండే చోట చుక్కలు ఎగరసాగాయి. పని అయిపోయిందని అతడు చేతులు తుడుచుకున్నాడు.

ఫోన్ మోగింది. భాస్కరరావు గారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి, స్టేషన్ దగ్గర అద్దెకుంటున్న ప్రభుత్వోద్యోగి; ఏనాడూ గొంతు పెంచి మాట్లాడని మనిషి.

“కైలాసం గారూ, కేబుల్ పోలీసులు ఆపించారా అండీ? దాచకండి. మా ఆవిడ అప్పుడే బ్యాగు సర్దేస్తోంది.”

పోలీసులు కాదు, తానే ఆపానని కైలాసం చెప్పాడు. “మీరే ఆపారంటే మరి, చూపించకూడనిది ఏదో జరిగినట్టేగా అండీ” అని భాస్కరరావు గారు మర్యాదగానే ఫోన్ పెట్టేశారు.

అప్పుడు కైలాసానికి తన పొరపాటు బోధపడింది. మునుపు గొడవలు వచ్చిన రెండు సందర్భాల్లో పైనుంచి మాట వస్తే అతడే ప్రసారం నిలిపాడు. ఆ వెనుకే కర్ఫ్యూ వచ్చింది. పాతబస్తీలో చుక్కలు ఎగిరే తెర ఖాళీ తెర కాదు. అన్నిటికన్నా పెద్ద వార్త అదే. ఇంతసేపూ నగరంలో ఎక్కడో ఏదో జరిగిందని అనుమానించినవాళ్లకు ఇప్పుడు అనుమానం తీరిపోయింది. వీధిలో ఒక షట్టరు దిగిన చప్పుడైంది. దాని వెనుకే మరొకటి, ఆపై వరుసగా.

జహంగీర్ స్కూటర్ మీద దూసుకుని వచ్చి, దిగకుండానే చానల్ ఎందుకు ఆపావని అడిగాడు. “కైకు బంద్ కరే భాయ్? మా గల్లీల అందరు బయటికొచ్చిండ్రు. ముగ్గురు సచ్చిపోయిండ్రట. లతీఫ్ చాచా సుత పోయిండట, దవాఖానకు తీస్కపోయిండ్రట. చౌరస్తా కాడ పోరగాండ్లు జమైతున్నరు.”

“లతీఫ్ యాడున్నడు?”

“ఇంట్లనే ఉన్నడు. కాలుకు కట్టు కట్టుకొని పండుకున్నడు. నేను చూసే వస్తున్న. చెప్తే ఇంటలేరు.”

కైలాసం వెనక్కి పోయి పెరికిన తీగను మళ్లీ తగిలించాడు. వార్తా చానల్ తిరిగి వచ్చింది. నీలం అంగీ కుర్రవాడు ఇంకా పరుగెత్తుతున్నాడు. దాన్ని ఆపడం తన వల్ల కాదు. దాని పక్కన ఇంకొకటి నిలబెట్టడం తన చేతిలో ఉన్న పని. ఆ రెండూ ఒకటి కావని అతనికి ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. లోకల్ చానల్‌లోకి కెమెరా నేరుగా కలపాలంటే అది ఈ గదికి తీగ అందే దూరంలో ఉండాలి. షేరు పక్కన కొట్టంలోనే ఉంది. లతీఫ్ లేడు. లతీఫ్ రావాలి. దెబ్బ తగిలిన మనిషి, ఉపవాసం విడవబోయే వేళ, కుర్రాళ్లు గుమిగూడిన చౌరస్తా దాటి గౌలిపురకు రావాలి.

అడగడానికి కూడా సంకోచించవలసిన పని అది. జహంగీర్ మాత్రం స్కూటర్ తిప్పాడు. చాచాను తాను తెస్తానని, కాని ఆయన నోటికి కైలాసమే బాధ్యుడని చెప్పి పోయాడు.

ఈలోగా శ్రవణ్‌కుమార్ వచ్చాడు. తలెత్తి చూడలేకపోతున్నాడు. తాను దున్న సంగతి చెప్పానని, డెస్కులో ఉన్నవాళ్లు దున్న సేమ్యా తింటే వార్త ఎట్లా అవుతుందని అన్నారని, పైగా రాళ్ల దాడి బొమ్మలు ఏమైనా ఉంటే పంపమంటున్నారని వివరించాడు. కైలాసం “కెమెరా తెచ్చినవా?” అని మాత్రమే అడిగాడు. తెచ్చాడు. “కొట్టంల పెట్టు. దున్న మొత్తం కనవడాలె. తలకాయ ఒక్కటే తియ్యకు.”

లతీఫ్ వచ్చిన తీరు తరువాత చాలాకాలం చెప్పుకున్నారు. జహంగీర్ స్కూటర్ వెనుక, కట్టు కట్టిన కాలు బారజాపుకుని, చౌరస్తా మధ్య నుంచి వచ్చాడు. తన చావు గురించి ఆవేశంగా మాట్లాడుతున్న ఒక కుర్రవాడి ముందు స్కూటర్ ఆపించి, తన జనాజాకు టోపీ లేకుండా వచ్చావేమని అడిగాడట. అక్కడితో ఆ గుంపులో సగం మంది జారుకున్నారు. మిగిలిన సగం మంది స్కూటర్ వెంట నడుచుకుంటూ గౌలిపుర మలుపు దాకా వచ్చారు. అంజన్న వెంట వచ్చిన కుర్రాళ్లు ఇవతల నిలబడి ఉన్నారు. మధ్యలో నుంచి స్కూటర్ కొట్టంలోకి పోయింది.

సక్కుబాయి పీట వేసి, ఖర్జూరాలు, చెంబుతో నీళ్లు ముందే పెట్టింది. మసీదు నుంచి సైరన్ వినిపించాక లతీఫ్ ఉపవాసం విడిచాడు. అది పూర్తయ్యే దాకా కెమెరా తిప్పవద్దని కైలాసం చెప్పాడు. ఆ తరువాత లోకల్ చానల్‌లో నడుస్తున్న పెళ్లి వీడియో ఆగిపోయి, గవ్వల పట్టీతో షేరు కనిపించింది. పక్కన పీట మీద లతీఫ్.

కైలాసం తాను ఎవరో చెప్పలేదు; చెప్పనవసరం లేదు. దున్నను చూపించాడు, దాని వీపు మీద, కడుపు మీద ఎక్కడా గీత కూడా లేదని చెయ్యి పెట్టి చూపించాడు. తరువాత లతీఫ్ వైపు తిరిగి ఏం జరిగిందో చెప్పమన్నాడు.

“ఏం జరుగుడేంది? టపాకా పేలింది. మీ షేరు సాబ్ వచ్చిండు, నా బండి పడేసిండు. నేను కింద, సేమ్యా కింద. పోనీ భయంతోని ఉరికి పోతడేమో అనుకున్న. నక్కో! కూసొని తింటడు. రోజా ఉన్న మనిషి ముంగట, జర శరం లేకుంట.”

“రాళ్లు గిట్ల ఎవలన్న ఏసిండ్రా చాచా?”

“నా చేతికి రాయి దొరికితె నేనే ఏసెటోన్ని. దొరకలే.”

కెమెరా వెనుక శ్రవణ్‌కుమార్ భుజాలు కదిలాయి. బొమ్మ కొంచెం వణికింది. ఆ వణుకును జనం ఇళ్లలో చూసి తామూ నవ్వారట. ఫోన్ ఆగకుండా మోగింది. అడిగినవాళ్లకు లతీఫే జవాబు చెప్పాడు. నిజంగా నువ్వేనా అని ఒకరు అడిగితే, నిరుటి సేమ్యాలో సగం ఇంకా బాకీ ఉన్న మనిషివి నా గొంతు గుర్తుపట్టవా అన్నాడు. భాస్కరరావు గారు ఫోన్ చేసి, మా ఆవిడ బ్యాగు విప్పేసిందని చెప్పారు.

అప్పుడు సక్కుబాయి, ఎవరూ పిలవకుండానే, కెమెరాకు అడ్డంగా వచ్చి నిలబడింది. “ఇగ సాలు ముచ్చట్లు. పాలు పలిగిపోతయి. నేను పంపిస్తున్న, గిన్నెలు కడుక్కొని వాకిట్ల ఉండుండ్రి” అని యాకుత్‌పురా మొత్తానికి చెప్పింది. తరువాత గుమ్మం వైపు తిరిగి, “అంజీ, క్యాను ఎత్తు” అన్నది.

అందరూ అంజన్న వైపు చూశారు. వద్దన్నవాడు అతడే. అంజన్న ఒకసారి షేరును చూశాడు, ఒకసారి గదిలో టీవీలో ఇంకా తిరుగుతున్న ఎర్రపట్టీని చూశాడు. “ఒక్కన్ని పోవాల్నా పెద్దమ్మా?” అన్నాడు.

“నేనొస్త పద” అని కైలాసం రెండో క్యాను అందుకున్నాడు.

మలుపులో రెండువైపులా కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. క్యాన్లు చూసి దారి ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆలింగనాలు లేవు. అవతల ఒక కుర్రవాడు, పాలు చిక్కగా ఉన్నాయా నీళ్లు కలిపారా అని అడిగాడు. నీ నోట్లో పోసి చూపిస్తానని అంజన్న గొణిగాడు. ఆ మాత్రం కొట్లాట పండుగపూట ఎప్పుడూ ఉండేదే.

ఆ రాత్రి వార్తల్లో ‘పాతబస్తీలో ఉద్రిక్తత అదుపులోకి’ అని వేశారు. అదే నీలం అంగీ, అదే పరుగు. యాకుత్‌పురా, గౌలిపుర రెండూ ఆ పట్టీ చూసి నవ్వుకున్నాయి. కాని నగరంలోని మిగతా వీధులకు షేరు సంగతి ఎప్పటికీ తెలియలేదు. కైలాసం తీగ అంత దూరం పోదు. ఆ తరువాతి సంవత్సరాల్లో రెండు పార్టీలూ తమ మనుషుల చేత చెరో లోకల్ చానల్ పెట్టించాయి, కొన్ని ఇళ్లు అటు, కొన్ని ఇళ్లు ఇటు పోయాయి. కైలాసానికి అందుకు విచారం లేకపోలేదు. కాని తన చానల్ మాత్రం అతడు మూయలేదు, ఏ గొడవలోనూ మళ్లీ తెర ఖాళీ చేయలేదు. కబురు వస్తే ఇప్పటికీ ముందు ఆ గల్లీకి తానో జహంగీరో పోయి చూడవలసిందే. అందువల్ల అతని వార్త ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఆ ఆలస్యాన్ని నమ్మే ఇళ్లు తనకు చాలినన్ని ఉన్నాయని అతడు ధీమాగా చెబుతాడు.

ఆ సాయంత్రం యాకుత్‌పురా మొదటి గుమ్మంలో ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పాలు పోయించుకుంటూ, అంజన్న వంక చూసి, నిజంగానే రాళ్లు పడ్డాయా బేటా అని అడిగింది. కైలాసం జవాబు చెప్పబోయి ఆగాడు.

అంజన్న క్యాను నిలబెట్టి, కొలపాత్ర చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. “లేదమ్మా. నా చేతికి నూనె ఉండె. తాడు జారింది. నేను ఆడనే ఉన్న” అన్నాడు.

“ముందుగాలనే చెప్తే అయిపోతుండె గదా” అన్నది ఆమె.

పక్క గుమ్మంలో అదే ప్రశ్న ఎదురైంది. అంజన్న అదే జవాబు చెప్పాడు. గల్లీ పొడవునా, ప్రతి గిన్నె దగ్గరా చెప్పుకుంటూ పోయాడు. నాలుగైదు ఇళ్లు దాటేసరికి ఎవరూ అడగకముందే తానే మొదలుపెడుతున్నాడు. మేడల మీద నెలవంక కోసం ఎక్కినవాళ్ల కేకలు వినిపించే వేళకు, రెండు క్యాన్లూ ఖాళీ అయ్యాయి.